గేటు మీది పొక్కులు, డబ్బాలోని నీళ్లు

సెలవులకు శ్రీరాంపూర్ పోతే ఇంట్లో నాకు రెండు మాటలు తప్పవు. "ఎన్ని రోజులుంటవ్ బిడ్డా?" అన్నది అమ్మ మాట. "ఇంజినీరింగ్ సదువుతున్నవ్ గద, గిది జర సూడు" అన్నది బాపు మాట. బాపు గనిలో ఫిట్టర్. ఆయన చేతికి పానా ఇస్తే ఏ మోటారైనా మాట వింటుంది. అట్లాంటి మనిషి నన్ను అడుగుతున్నాడంటే, తనకు నిజంగా అంతుపట్టలేదన్నట్టే.

పోయినసారి రెండు సంగతులు అడిగాడు.

మొదటిది నీళ్లది. వీధిలోకి ఇరవై లీటర్ల డబ్బాలు తెచ్చే అన్న ఒకరోజు పెన్ను లాంటి మీటర్ తీసి మా గ్లాసులో ముంచి, "ముప్ఫై ఎనిమిది. సూడున్రి, అమృతం" అన్నాడు. బాపు అంత తొందరగా నమ్మే రకం కాదు. తనే ఒక టీడీఎస్ మీటర్ కొన్నాడు. ఇంట్లో మాకూ చిన్న ఆర్వో మిషిన్ ఉంది. పొద్దున లేవగానే మొదటి గ్లాసు పట్టి ముంచితే నూట అరవై దాటింది. పది నిమిషాలు నడిచాక అదే మిషిన్, అదే గ్లాసు, యాభై లోపు. "మిషిన్ కరాబైందా, మీటర్ కరాబైందా?" అన్నాడు. నేను తలకాయ గోక్కుని, "ఫిల్టర్ పాతదైంది బాపూ" అన్నాను.

రెండోది గేటుది. దసరా ముందు ఆయనే స్వయంగా గరుకు కాగితంతో తుప్పు గీకి, బోరు నీళ్లతో కడిగి, ఎండకు ఆరబెట్టి, రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, నల్ల ఎనామెల్ ఒక కోటు వేశాడు. వానలు పడ్డాక చూస్తే గేటు కింది భాగమంతా అమ్మవారు పోసినట్టు పొక్కులు. ఒకదాన్ని గోరుతో చిదిమితే లోపల నీళ్లు! పైన పెయింట్ పగల్లేదు, చిల్లు లేదు. మరి లోపలికి నీళ్లెట్ల పోయినయ్? "పెయింట్ల కల్తీ ఉంది" అని బాపు తీర్పు. నేనూ తలూపాను.

హాస్టల్‌కి తిరిగొచ్చాక, పాలిమర్ల మీద ఒక ఎలెక్టివ్ తీసుకున్నాక తెలిసింది, నేను చెప్పిన రెండు జవాబులూ తప్పేనని. ఇంకో సంగతి తెలిసి మరీ సిగ్గేసింది. ఆ రెండు ప్రశ్నలూ ఒకే ప్రశ్న.

ఆర్వో మిషిన్ లోపల ఉన్నది ఒక ప్లాస్టిక్ పొర. గేటు మీద ఉన్నదీ ఒక ప్లాస్టిక్ పొరే, ఆరిపోయిన పెయింట్ అంటే అంతే కదా. మొదటి పొరను మనం నీళ్లు పోనియ్, ఉప్పు ఆపు అంటున్నాం. రెండో పొరను రెండూ ఆపు అంటున్నాం. కానీ రెండో పొర కూడా మొదటి దానిలాగే ప్రవర్తిస్తుంది. నీళ్లను కొద్దికొద్దిగా పోనిస్తుంది, ఉప్పును దాదాపు ఆపుతుంది. బాపు గేటు మీద పుట్టింది అదే తంటా. అక్కడికి రావడానికి ముందు పొరలోకి కాస్త దిగాలి.

చాలామంది ఆర్వో పొరను జల్లెడ అనుకుంటారు. సన్నటి చిల్లులుంటాయి, నీళ్లు పడతాయి, ఉప్పు పట్టదు అని. నేనూ అట్లే అనుకున్నాను. కానీ సోడియం అయాన్ నీటి అణువు కంటే లావేం కాదు. అసలు తేడా ఏంటంటే అయాన్ ఒంటరిగా తిరగదు, చుట్టూ నీటి అణువులను చుట్టంలా కట్టుకుని తిరుగుతుంది. వాటిని వదిలి నూనెలాంటి పాలిమర్‌లోకి దిగాలంటే దానికి చాలా శక్తి ఖర్చు. నీటి అణువుకు ఆ బాధ తక్కువ. పాలిమర్ గొలుసులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి కాబట్టి వాటి మధ్య సందులు పుడుతుంటాయి, పోతుంటాయి. సమ్మక్క జాతరలో గద్దెల దగ్గర గుంపును తలుచుకోండి. అక్కడ దారి అనేది ఉండదు. ముందున్న మనిషి ఒక్క క్షణం పక్కకు ఒరిగితే ఆ సందులోకి జారతాం, మళ్లీ ఆగుతాం. నీరు పొరలో కరిగి, అట్లా జారుకుంటూ అవతలికి తేలుతుంది. లాన్స్‌డేల్, మెర్టెన్, రైలీ అనే ముగ్గురు 1965లో ఈ కరిగి-జారే లెక్కను ఆర్వో పొరలకు పద్ధతిగా రాసిపెట్టారు.

ఆ లెక్కలో బాపు మొదటి ప్రశ్నకు జవాబుంది. పొరలో నీరు ఎంత పోతుందన్నది మనం పెట్టే పీడనం నుంచి ద్రవాభిసరణ పీడనం తీసేస్తే మిగిలేదాని మీద ఆధారపడుతుంది. ఉప్పు ఎంత పోతుందన్నది మాత్రం పీడనం మీద దాదాపు ఆధారపడదు, అటూ ఇటూ ఉన్న ఉప్పు గాఢతల తేడా మీదే ఆధారపడుతుంది. అంటే పంపు ఆగితే నీళ్లు ఆగుతాయి కానీ ఉప్పు ఆగదు! రాత్రంతా మిషిన్ బంద్ ఉంటే, పొర ఇవతలున్న ఉప్పు నెమ్మదిగా అవతలి మంచినీళ్లలోకి నడిచిపోతూనే ఉంటుంది. పొద్దున మొదటి గ్లాసులో పడేది ఆ రాత్రి నడకే. పంపు మొదలయ్యాక కొత్త నీళ్లు వచ్చి దాన్ని పలుచన చేస్తాయి, మీటర్ దిగుతుంది. మిషినూ బాగానే ఉంది, మీటరూ బాగానే ఉంది. మా బాపు తెలియకుండానే పాలిమర్ పొరలో లవణ రవాణాను విద్యుత్ పద్ధతిలో కొలిచాడు, వాళ్ల కొడుకేమో ఫిల్టర్ మార్చమన్నాడు.

ఇదే లెక్కతో ఇంకోటి కూడా తెలుస్తుంది. పంపు బలహీనపడితే వచ్చే నీళ్లు తగ్గుతాయి, ఉప్పు మాత్రం అంతే వస్తుంది, కాబట్టి టీడీఎస్ పెరుగుతుంది. పొర చెడిపోయిందని కొత్తది కొనేముందు పంపు చూసుకోవాలి. పొర చిరిగితే లక్షణం వేరు. నీళ్లు ఎక్కువ వస్తాయి, ఉప్పూ ఎక్కువ వస్తుంది.

ఈ పొర పుట్టుక కథ మా బొగ్గు ఊళ్ల వాళ్లకు నచ్చుతుంది. సెల్యులోజ్ ఎసిటేట్ పొర ఉప్పును ఆపుతుందని 1950లలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రీడ్ బృందం చూపించింది. కానీ నీళ్లు చుక్కచుక్కగా వచ్చేవి, ఎవరికీ పనికొచ్చే లెక్క కాదు. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ ఇద్దరూ దాన్ని పట్టుకున్నారు. వాళ్లకు ఒక విచిత్రం ఎదురైంది. పొరను ఒకవైపు తిప్పి పెడితే ఉప్పు ఆగుతోంది, ఇంకోవైపు తిప్పితే ఆగడం లేదు. అంటే పొర అంతా ఒకేలా లేదు, ఒక మొహం మీద మాత్రమే దట్టమైన సన్నటి చర్మం ఉంది. పని చేసేది ఆ చర్మమే, మిగతాదంతా దాన్ని మోసే స్పాంజి. ఆ చర్మాన్ని కావాలని పలుచగా చేయడం నేర్చుకున్నాక నీళ్లు ధారగా రావడం మొదలైంది. ఆ పొరతో 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే ఊళ్లో మొదటి ఆర్వో నీళ్ల ప్లాంట్ పెట్టారు. ఆ ఊరి పేరు రైలింజన్లకు బొగ్గు నింపే 'కోలింగ్ స్టేషన్ ఏ' నుంచి వచ్చిందంటారు. అక్కడ తాగే నీళ్లు ఒకప్పుడు రైలు ట్యాంకర్లలో తెచ్చుకునేవాళ్లు. గోదావరి పక్కనే ఉండి డబ్బా నీళ్లు కొనుక్కునే మా కాలనీ వాళ్లకు ఆ ఊరు చుట్టమే అనిపిస్తుంది.

సరే, కొలవడం సంగతికొద్దాం. నాకు నచ్చిన భాగం ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

టీడీఎస్ మీటర్ కరిగిన పదార్థాలను తూచదు. రెండు చిన్న ఎలక్ట్రోడ్ల మధ్య నీళ్లు కరెంటును ఎంత బాగా మోస్తున్నాయో చూస్తుంది, అంతే. కరెంటు మోసేవి అయాన్లు. 25 డిగ్రీల దగ్గర లీటరుకు ఒక మిల్లీమోల్ మామూలు ఉప్పు, అంటే 58.5 మిల్లీగ్రాములు కలిపితే వాహకత సెంటీమీటరుకు సుమారు 124 మైక్రోసీమెన్స్ ఉంటుంది. 58.5ను 124తో భాగిస్తే సగానికి కొంచెం తక్కువ. మీటర్ లోపల కూడా వాహకతను దాదాపు సగంతో గుణించి 'పీపీఎం' అని తెర మీద చూపిస్తారు. ఆ అంకె తూకం కాదు, ఒక అంచనా. చక్కెర కలిపితే మీటర్‌కు పట్టదు. వేడెక్కితే డిగ్రీకి సుమారు రెండు శాతం పెరుగుతుంది, అందుకే మంచి మీటర్లలో ఉష్ణోగ్రత సవరణ ఉంటుంది. లోపల నడిచేది ఏసీ కరెంటు. డీసీ పెడితే ఎలక్ట్రోడ్ల దగ్గర అయాన్లు గుమికూడి కొలత పాడవుతుంది.

ఈ చిన్న పరికరంతోనే ఒక పొరలో ఉప్పు ఎంత వేగంగా పోతుందో లెక్కగట్టొచ్చు. రెండు గదులు, మధ్యలో పొర. ఒక గదిలో లీటరుకు 0.1 మోల్ ఉప్పునీళ్లు, రెండో గదిలో డిస్టిల్డ్ వాటర్, అందులో మీటర్. రెండు పక్కలా కలుపుతూ ఉండాలి. అవతలి గదిలో 100 మిల్లీలీటర్లు, పొర వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లు, మందం 50 మైక్రాన్లు, మీటర్ నిమిషానికి 10 మైక్రోసీమెన్స్ చొప్పున ఎక్కుతోంది అనుకుందాం. 10ని 124తో భాగిస్తే లీటరుకు 0.081 మిల్లీమోల్, 100 మిల్లీలీటర్లకు 8.1 మైక్రోమోల్. సెకనుకు, చదరపు సెంటీమీటరుకు చూస్తే 2.7×10⁻⁸ మోల్. దాన్ని ఇవతలి గాఢత, అంటే ఘన సెంటీమీటరుకు 10⁻⁴ మోల్‌తో భాగించి, మందం 0.005 సెంటీమీటర్లతో గుణిస్తే పారగమ్యత 1.35×10⁻⁶ చదరపు సెంటీమీటర్లు ప్రతి సెకనుకు. ఉత్త నీళ్లలో ఉప్పు విస్తరించే వేగం 1.6×10⁻⁵. అంటే ఆ పొరలో ఉప్పు పన్నెండు రెట్లు నెమ్మదిగా నడుస్తోంది. సెలోఫేన్ లాంటి నీళ్లు పీల్చే పొరలు ఈ తరహావి. ఆర్వో పొర అయితే ఇంకా కొన్ని వేల రెట్లు మొండిది.

అవతలి మీటర్ వెంటనే ఎక్కదు, కాసేపు కదలకుండా కూర్చుని తర్వాత సరళరేఖలో ఎక్కుతుంది. ఆ ఆలస్యం కూడా సమాచారమే. మందం వర్గాన్ని ఆ ఆలస్యానికి ఆరు రెట్లతో భాగిస్తే పొర లోపలి విస్తరణ వేగం వస్తుంది. పారగమ్యతను దానితో భాగిస్తే, పొరలో ఉప్పు ఎంత కరుగుతుందో తేలుతుంది. ఒకే గీత నుంచి రెండు వేర్వేరు గుణాలు! పొర ఉప్పును లోపలికే రానియ్యడం లేదా, వచ్చిన ఉప్పును నడవనియ్యడం లేదా అన్నది ఇట్లా విడదీయొచ్చు. మంచి పొర చేయాలనుకునేవాళ్లకు ఈ తేడా తెలియకపోతే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఇదంతా ఉప్పు సంగతి. నీటి సంగతి ఎట్లా? నీటికి ఆవేశం లేదు, కరెంటు మోయదు. అయితే దానికి ఇంకో గుణముంది. డైఎలక్ట్రిక్ స్థిరాంకం నీటికి దాదాపు 80, పెయింట్ లాంటి పాలిమర్‌కు మూడు నుంచి ఐదు వరకు. ఇనుప రేకు ఒక ఎలక్ట్రోడ్, పైనున్న ఉప్పునీళ్లు ఇంకో ఎలక్ట్రోడ్, మధ్యలో పెయింట్ అనుకుంటే అది అచ్చం కెపాసిటర్. పెయింట్‌లోకి నీరు చేరేకొద్దీ కెపాసిటెన్స్ పెరుగుతుంది. 50 మైక్రాన్ల మందం, 10 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం, స్థిరాంకం 4 అయితే 0.71 నానోఫారడ్. అది 0.89కి పెరిగితే ఎంత నీరు చేరినట్టు? బ్రాషర్, కింగ్స్‌బరీ 1954లో ఇచ్చిన సూత్రం సులువైనది. రెండు కెపాసిటెన్స్‌ల నిష్పత్తి లాగరిథంను 80 లాగరిథంతో భాగించడమే. ఇక్కడ 0.098ని 1.903తో భాగిస్తే 0.051, అంటే ఘనపరిమాణంలో ఐదు శాతం నీరు. తూకం వేసి చూసిన లెక్కతో ఇది ఎప్పుడూ కలవదు, చాలాసార్లు ఎక్కువ చూపిస్తుంది. నీరు పొరంతా సమంగా పరుచుకుంది, పొర ఉబ్బలేదు అని ఈ సూత్రం అనుకుంటుంది, పెయింట్‌కు ఆ మర్యాద తెలియదు. అయినా రేకు మీద అంటుకున్న పెయింట్‌ను పీకకుండా, పాడుచేయకుండా నీటిని లెక్కపెట్టే దారి ఇదే కాబట్టి డెబ్బై ఏళ్లుగా వాడుతున్నారు.

కెపాసిటెన్స్ పెరుగుదల సగం చేరడానికి పట్టిన సమయం చూస్తే నీటి వేగం కూడా తెలుస్తుంది. ఒకవైపు నుంచే నీరు చేరే పొరకు మందం వర్గాన్ని ఆ సమయంతో భాగించి 0.196తో గుణించాలి. 50 మైక్రాన్ల పొరకు గంట పడితే 1.4×10⁻⁹ చదరపు సెంటీమీటర్లు ప్రతి సెకనుకు. లెక్కలో మందం వర్గం ఉందని గమనించారా? పెయింట్ రెట్టింపు మందం వేస్తే సమయం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. అంత చేసినా గంటల లెక్కే, ఏళ్ల లెక్క కాదు. మనం వాటర్‌ప్రూఫ్ అని మురిసిపోయే మామూలు పెయింట్ ఒక్క ముసురుకు తడిసి ముద్దవుతుంది. పైకి కనపడదంతే.

మరి పెయింట్ ఇనుమును ఎట్లా కాపాడుతోంది? ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో మేన్ అనే శాస్త్రవేత్త అడిగిన ప్రశ్న ఇది. తుప్పుకు కావాల్సినంత నీరు, ఆక్సిజన్ మామూలు పెయింట్ పొరల్లోంచి పోతూనే ఉన్నాయని ఆయన లెక్క తేల్చాడు. ఆపుతున్నది అయాన్లను. తుప్పు అంటే చిన్న బ్యాటరీ, ఇనుము ఒకచోట కరగాలి, ఇంకోచోట ఆక్సిజన్ ఖర్చవ్వాలి, రెండింటి మధ్య అయాన్లు నడవాలి. పెయింట్ ఆ నడకకు అడ్డంపడే పెద్ద రెసిస్టర్. 1948లో బేకన్, స్మిత్, రగ్ చాలా రకాల పెయింట్‌లు కొలిచి ఒక గీత గీశారు. చదరపు సెంటీమీటరు లెక్కన నిరోధం 10⁸ ఓమ్‌ల పైన నిలబడితే పెయింట్ కాపాడుతుంది, 10⁶ కిందికి దిగితే ఇక దాని పని అయిపోయినట్టే. బయట తుప్పు మచ్చ కనపడకముందే ఈ అంకె పడిపోతుంది. గనుల్లో, పవర్ ప్లాంట్లలో వేల టన్నుల ఇనుము పెయింట్‌నే నమ్ముకుని ఉంటుంది కాబట్టి, ముందే తెలియడమంటే చిన్న విషయం కాదు.

ఒకే పొరలో కెపాసిటెన్స్, నిరోధం రెండూ కలిసే ఉంటాయి, విడదీసేది ఫ్రీక్వెన్సీ. పైన చెప్పిన పొరకు 10 కిలోహెర్ట్జ్ దగ్గర కెపాసిటర్ దారి 22 కిలో ఓమ్‌లే, పక్కనున్న నిరోధం మెగా ఓమ్‌లలో. కరెంటంతా కెపాసిటర్ దారినే పోతుంది, మీరు నీటిని కొలుస్తున్నారు. 0.01 హెర్ట్జ్‌కు దిగితే కెపాసిటర్ దారి దాదాపు మూసుకుపోతుంది, కరెంటు అయాన్ల దారి పట్టాల్సిందే. ఇప్పుడు మీరు ఉప్పు దారిని కొలుస్తున్నారు. పై నుంచి కింది వరకు అన్ని ఫ్రీక్వెన్సీలూ చూస్తే దాన్నే ఇంపెడెన్స్ స్పెక్ట్రోస్కోపీ అంటారు. 0.01 హెర్ట్జ్ దగ్గర ఒక్క ఆవృత్తికే వంద సెకన్లు, అందుకే ఈ కొలత పెట్టేసి క్యాంటీన్‌కు పోయి చాయ్ తాగి రావచ్చు.

మా దగ్గర అంత ఖరీదు పరికరం లేదు. ఈసీఈ ల్యాబ్‌లో ఎల్‌సీఆర్ మీటర్ ఉంది, నేను, మా రూమ్మేట్ బతిమాలి తీసుకున్నాం. ఇనుప రేకు ముక్కకు పెయింట్ వేసి, పైన పీవీసీ పైపు ముక్క అంటించి, ఉప్పునీళ్లు పోసి, పెన్సిల్ గ్రాఫైట్ కడ్డీ ముంచాం. మొదటి రోజు రాత్రే అంటించిన చోట కారింది. కెపాసిటెన్స్ దూసుకుపోతుంటే మేం ఏదో కనిపెట్టామని సంబరపడ్డాం, చూస్తే బల్లంతా ఉప్పునీళ్లు. రెండోసారి ఎం-సీల్ పెట్టాం. ఫ్యాన్ వేస్తే అంకెలు ఊగుతున్నాయి, బంద్ చేస్తే నిలబడుతున్నాయి. చివరికి నూనె డబ్బాను అడ్డంగా కోసి, దాన్ని ఎర్త్‌కు కలిపి, లోపల పెట్టాక కుదురుగా వచ్చింది. నిరోధం కోసం మల్టీమీటర్ పెడితే కొత్త పెయింట్‌కు 'ఓఎల్' తప్ప ఏమీ చూపలేదు. గుండుసూదితో ఒక గీత గీస్తే మాత్రం టపీమని అంకె దిగింది. ఒక్క వెంట్రుక గీత! మిగతా పెయింటంతా ఎంత బాగున్నా లాభం లేదు, అయాన్లకు ఆ ఒక్క సందు చాలు.

ఇంకొకటి చూసి మాత్రం మా మీద మాకే నమ్మకం పోయింది. ఒక పైపులో ఉప్పునీళ్లు, ఇంకో పైపులో డిస్టిల్డ్ వాటర్ పోస్తే, డిస్టిల్డ్ వాటర్ వైపు పెయింట్ ముందు పాడైంది, చిన్న చిన్న పొక్కులొచ్చాయి. ఉప్పే కదా శత్రువు? ఇదేంటి? ఆ రేకును కూడా మేం హాస్టల్ బోరు నీళ్లతోనే కడిగి ఆరబెట్టాం.

అప్పుడు వెలిగింది, బాపు గేటు సంగతి.

బోరు నీళ్లతో కడిగి ఎండకు ఆరబెడితే నీరు పోతుంది, అందులోని లవణాలు ఇనుము మీదే మిగులుతాయి. చెమట చేయి తగిలినా అంతే. దాని మీద పెయింట్ వేశాం. ఇప్పుడు పెయింట్‌కు లోపలివైపు ఉప్పు, బయటివైపు వాన నీళ్లు, అంటే దాదాపు డిస్టిల్డ్ వాటర్. మధ్యలో నీళ్లను పోనిచ్చి ఉప్పును ఆపే పొర. ఇంట్లో ఆర్వో మిషిన్ పంపు పెట్టి బలవంతంగా వెనక్కి తిప్పే ద్రవాభిసరణ, గేటు మీద ఏ పంపూ లేకుండా తన సహజ దిశలో నడుస్తోంది. నీరు లోపలికి పోతుంది, ఉప్పును కరిగిస్తుంది, ఉప్పు బయటకు రాలేదు, ఇంకా నీరు పోతుంది. సముద్రపు నీటికే ద్రవాభిసరణ పీడనం సుమారు 27 బార్లు. పెయింట్ కింద ఉప్పు అంతకంటే చిక్కగా ఉండగలదు. ఆ తోపుకు పెయింట్ పట్టు సడలి పొక్కై లేస్తుంది. బయట కూడా ఉప్పునీళ్లు ఉంటే ఈ తోపు తగ్గుతుంది, అందుకే మా ఉప్పునీళ్ల పైపు కింద పెయింట్ ఎక్కువ కాలం ఆగింది. గేటు కింది భాగంలోనే పొక్కులు ఎందుకంటే, కడిగిన నీళ్లు జారి అక్కడే ఆరాయి, వాన నీళ్లూ అక్కడే నిలిచాయి. పెయింట్ కల్తీ అని మేం తిట్టుకున్న దుకాణపాయన పాపం ఏ పాపం ఎరుగడు.

ఇక డబ్బా అన్న చెప్పిన 'అమృతం' గురించి ఒక మాట, ఇది చెప్పకపోతే తప్పవుతుంది. మన దగ్గర నీటి భయం ఉప్పు ఒక్కటే కాదు, ఫ్లోరైడ్. 1937లోనే నేటి ప్రకాశం జిల్లా పల్లెల్లో దీన్ని గుర్తించి రాశారు, నల్గొండ గోస అందరికీ తెలిసిందే. తాగునీటి ప్రమాణంలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చు. టీడీఎస్ అయితే 500. టీడీఎస్ మీటర్ అన్ని అయాన్లనూ ఒకే గంపలో వేసి చూస్తుంది, అందులో ఒకటీ రెండూ మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దానికి కనపడదు. ఒక ఊళ్లో బోరు టీడీఎస్ 900, ఫ్లోరైడ్ 3 అనుకోండి. పొర దాటాక టీడీఎస్ 45, ఫ్లోరైడ్ 0.15. ఉత్త ఆర్వో నీళ్లు చప్పగా ఉన్నాయని, నీళ్లు ఎక్కువ మిగులుతాయని, నలభై శాతం బోరు నీళ్లు కలిపారనుకోండి. టీడీఎస్ 387 వస్తుంది, మీటర్ పెట్టి అందరికీ చూపించొచ్చు. ఫ్లోరైడ్ మాత్రం 1.29. అమృతమని చెప్పిన మీటర్ అబద్ధం చెప్పలేదు, మనం అడగని ప్రశ్నకు జవాబు చెప్పలేదు, అంతే. ఫ్లోరైడ్‌ను విడిగా పట్టే ఎలక్ట్రోడ్ 1966 నుంచీ ఉంది. లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో చేస్తారు, అది కూడా ఒక పొరే, ఫ్లోరైడ్ అయాన్ ఒక్కదాన్నే తనలో నడవనిచ్చే పొర. మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఒకటుంది. ఎవరైనా ఊరి నుంచి సీసాలో నీళ్లు తెస్తే పరీక్షించి చూద్దామని మేమిద్దరం అడుగుతూనే ఉన్నాం. ప్లాస్టిక్ సీసాలోనే తేవాలి, గాజు సీసా వద్దు.

ఇదంతా మొన్న ఫోన్‌లో బాపుకు చెప్పాను. ఇంపెడెన్స్ అనే మాట లేకుండా చెప్పడానికి చాలా తిప్పలు పడ్డాను. ఆయన అంతా విని, "అంటే గేటుకు నేనే ఉప్పు పెట్టి పొక్కులు లేపిన్నంటవ్" అన్నాడు. అవునని ఎట్ల అంటాం? ఓడల మీద, వంతెనల మీద పెయింట్ వేసేముందు ఇనుము మీద ఉప్పు చూసే పద్ధతి ఒకటుంది బాపూ, చిన్న అంటుడు పట్టీ పెట్టి, సూదితో డిస్టిల్డ్ వాటర్ లోపలికి ఎక్కించి, మళ్లీ లాగి వాహకత చూస్తారు, బ్రెస్లే పద్ధతి అంటారు, అని చెప్పాను.

ఆదివారం అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బాపు గేటు మళ్లీ మొత్తం గీకాడట. బోరు నీళ్లతో కడిగి, చివరికి రెండు డబ్బాల ఆర్వో నీళ్లు గేటు మీద పోశాడట. తాగే నీళ్లు గేటుకు పోస్తున్నాడని అమ్మకు కోపం. బ్యాటరీ నీళ్లలో దూది ముంచి, గేటు కింది పట్టీ తుడిచి, ఆ దూదిని గ్లాసులో పిండి, టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తున్నాడట.

"ఎంతొచ్చిందే?" అన్నాను.

"ఇంక కడగాలంటుండు" అంది.